రాయవేలూరు రిజిస్టర్లు

రాయవేలూరులో పాలారు దాటి కాట్పాడి, లత్తేరి, కె.వి. కుప్పం మీదుగా పడమటికి పోతే సుమారు 35 కిలోమీటర్ల దూరంలో గుడియాత్తం వస్తుంది. చిత్తూరు జిల్లా వాళ్లకు ఇది పొరుగు రాష్ట్రమే గాని పరాయి చోటు కాదు. 1911లో చిత్తూరు విడి జిల్లా అయ్యేదాకా రెండు వైపులా కలిపి ఒకటే జిల్లా, ఉత్తర ఆర్కాటు. దాని ముఖ్యపట్టణం చిత్తూరే. గుడియాత్తాన్ని ఆనుకుని పారే కౌండిన్య నది పలమనేరు వైపు అడవుల్లోంచి దిగి వచ్చి పాలారులో కలుస్తుంది. గుడియాత్తం బజారులో తెలుగు మాట్లాడితే ఎవరూ వింతగా చూడరు. పలమనేరులోనో పుంగనూరులోనో ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరితే "వేలూరికి తీసుకుపోండి" అనే మాట తరతరాలుగా వినిపిస్తూనే ఉంది.

వేలూరు ఆసుపత్రి కథ చాలామందికి తెలుసు. ఆసుపత్రి గోడల బయట, చుట్టుపక్కల ఊళ్లలో, దశాబ్దాలుగా సాగిన ఇంకో పని సంగతి అంతగా తెలియదు. మనిషికి జబ్బు ఎందుకొచ్చిందో ఇంటింటికీ పోయి అడగడం, చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది లెక్కగట్టడం ఆ పని. అట్టకార్డు పోయి పోస్టుకార్డు వచ్చింది, ఆ తర్వాత కంప్యూటరు, ఇప్పుడు చేతిలో ఫోను. తిండి, నీళ్లు, చదువు, కూలి, కులం, ఇంట్లో ఆడవాళ్ల స్థితి మనిషి ఆరోగ్యాన్ని ఎలా నిర్ణయిస్తాయో సమాచార సాంకేతికత సాయంతో తెలుసుకోవాలని ఇవాళ ప్రపంచమంతా అనుకుంటోంది. వేలూరు చుట్టుపక్కల ఆ పని కంప్యూటరు రాకముందే మొదలైంది.

మొదలుపెట్టింది లెక్కల మనుషులు కాదు. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో మిషనరీ డాక్టర్ల కుటుంబంలో పుట్టారు. ఆమె యువతిగా ఉన్నప్పుడు, తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని అడిగారు. నాకు వైద్యం రాదు, మా నాన్న డాక్టరు, ఆయన వస్తారు అంటే, మగ డాక్టరు వద్దని ముగ్గురూ వెనక్కి వెళ్లిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఈ సంగతి వేలూరులో ఎన్నోసార్లు చెప్పుకున్నదే. దాన్ని మళ్లీ తలచుకోవలసిన కారణం ఒకటుంది. ఆ మరణాలకు వైద్యశాస్త్రం రాసే కారణం కష్టమైన కాన్పు. ఆ ఇళ్లలో జరిగింది అదొక్కటే కాదు. డాక్టరు కూతవేటు దూరంలో ఉన్నాడు, ఆచారం ఆయన్ని గడప దాటనివ్వలేదు.

ఐడా 1899లో అమెరికాలోని కార్నెల్‌లో వైద్యం చదువు ముగించి 1900లో తిరిగి వచ్చారు. వేలూరులో ఒక్క పడకతో పని మొదలైంది. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. పేదలు, అందులోనూ ఆడవాళ్లు, ఆసుపత్రి దాకా రాలేరని ఆమెకు త్వరలోనే అర్థమైంది. ఎడ్లబండి కట్టించుకుని గుడియాత్తం దారిన వారం వారం బయల్దేరడం మొదలుపెట్టారు. 1909లో ప్యూజో మోటారుకారు వచ్చింది. ఫలానా చెట్టు కింద ఫలానా రోజు డాక్టరమ్మ ఆగుతుందని ఊళ్లకు తెలిసిపోయింది. పుండ్లు, కంటిజబ్బులు, జ్వరాలు, కుష్ఠు, ఏది ఉన్నా ఆ చెట్టు కిందికే వచ్చేవారు. ఏ ఊరివాళ్లు ఏ జబ్బుతో వస్తున్నారో ఏళ్ల తరబడి అదే దారిన తిరిగే డాక్టరుకు తెలియకుండా ఉండదు. కాని ఆ చెట్టు కిందికి రానివాళ్ల సంగతి తెలియదు. ఆ ఖాళీ పూడ్చడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

పూడ్చినది కుష్ఠురోగం మీద జరిగిన పని. కాట్పాడి దగ్గర కరిగిరిలో 1955లో షీఫెలిన్ కుష్ఠు పరిశోధనా కేంద్రం ఏర్పడింది. అప్పటికే వేలూరులో పాల్ బ్రాండ్ కుష్ఠుతో వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో మళ్లీ పనిలోకి తెస్తున్నారు. కాని చేయి వంకరపోయాక వచ్చిన మనిషికి చేసే సాయం వేరు, పోకముందే కనిపెట్టడం వేరు. 1960లలో కరిగిరి వాళ్లు గుడియాత్తం తాలూకా మొత్తాన్ని తమ క్షేత్రంగా తీసుకున్నారు. లక్షల జనాభా ఉన్న తాలూకా అది.

సర్వే జరిగిన తీరు చూస్తే అది ఎంత ఓపికతో కూడిన పనో తెలుస్తుంది. కార్యకర్త ఇంట్లోకి వచ్చి, మనిషిని వెలుతురులో నిలబెట్టి, ఒళ్లంతా చూడాలి. పాలిపోయిన మచ్చ కనిపిస్తే దూదితో తాకి, కళ్లు మూసుకుని వేలితో చూపించమనాలి. మోచేతి వెనక నరం తడిమి, మందంగా ఉందేమో గమనించాలి. కార్డు మీద అచ్చేసిన మనిషి బొమ్మలో మచ్చ ఉన్నచోట గుర్తు పెట్టాలి. కార్డుతో పని అయిపోలేదు. పెళ్లి కావలసిన అమ్మాయికి మచ్చ ఉంటే ఇల్లు దాస్తుంది. కూలికిపోయిన మగవాళ్లు పగటిపూట దొరకరు. ఒక ఇంటి కార్డు పూర్తి కావాలంటే అదే గడప ఎన్నిసార్లయినా తొక్కాలి.

ఆ కార్డులను పి.ఎస్.ఎస్. సుందరరావు వంటి గణాంకశాస్త్రజ్ఞులు చేతికి తీసుకున్నారు. గుడియాత్తం తాలూకాలో కుష్ఠు వ్యాప్తి మీద వ్యాసం 1972లో అంతర్జాతీయ కుష్ఠు పత్రికలో వచ్చింది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు జబ్బు ఎలా సోకుతోందన్నది ఆ తర్వాతి అధ్యయనం. ఆ లెక్క అడిగింది ఒక మనిషి గురించి కాదు, ఒక కప్పు కింద ఎంతమంది ఎలా బతుకుతున్నారని. ఆ దశాబ్దాల్లో గుడియాత్తం పేరు ప్రపంచ కుష్ఠు పరిశోధనలో తరచూ వినిపించేది. ఆ ఊరివాళ్లలో ఆ సంగతి ఎంతమందికి తెలుసో!

గుడియాత్తానికి ఇంకో గుర్తింపు ఉంది. 1954లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు పోటీచేసి గెలిచింది ఇక్కడి ఉపఎన్నికలోనే. ఆయన ప్రభుత్వం 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. బడి, తిండి, ఆరోగ్యం మూడూ ఒకే ముడి అని గ్రహించిన పాలకుడు ఆయన. అదృష్టవశాత్తు అప్పుడు ఆ పనికి ఏ సర్వే కోసమూ ఎదురుచూడలేదు.

ఎదురుచూడవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. 1969 నుంచి 1973 దాకా వేలూరు పట్టణంలోనూ కె.వి. కుప్పం పల్లెల్లోనూ పెళ్లయిన ఆడవాళ్ల ఇళ్లకు కార్యకర్తలు క్రమం తప్పకుండా వెళ్లారు. గర్భం నిలిచిందా అని అడిగి నమోదు చేసుకున్నారు. బిడ్డ పుట్టగానే బరువు, పొడవు కొలిచారు. అలా పదివేలకు పైగా శిశువుల లెక్క పుస్తకాలకెక్కింది. ఆ పిల్లలను ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి, పదేళ్లు దాటాక ఇంకోసారి మళ్లీ కొలిచారు. చాలాచోట్ల పరిశోధన ఇంతటితో ఆగిపోతుంది. డబ్బు అయిపోతుంది, కాగితాలు అటకెక్కుతాయి. ఇక్కడ ఆ కాగితాలను దాచారు.

దాచిన ఫలితం పాతికేళ్ల తర్వాత దక్కింది. 26 నుంచి 32 ఏళ్ల మధ్యకు వచ్చిన 2,218 మందిని వెతికి పట్టుకుని రక్తంలో చక్కెర పరీక్షించారు. అంత చిన్న వయసులోనే చాలామందిలో తేడా కనిపించింది. చిన్నప్పుడు బక్కపలచగా ఉండి, ఆ తర్వాత త్వరగా ఒళ్లుచేసిన వాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. ఢిల్లీలో ఇలాగే పుట్టుక నుంచి వెంటపడి చూసిన ఇంకో అధ్యయనమూ ఈ మాటే చెప్పింది. పసితనంలో ఒళ్లు పెరిగిన తీరు ముప్పై ఏళ్ల తర్వాత షుగరు ముప్పుగా కనబడుతోందన్నమాట. డాక్టరు ముందు కూర్చున్న ముప్పై ఏళ్ల మనిషిని ఎంత పరీక్షించినా ఈ సంగతి దొరకదు. 1970లో ఎవరో పల్లెటూరి ఇంట్లో తక్కెడ దించి, అంకె చూసి, పెన్సిలుతో రాసి ఉంటేనే దొరుకుతుంది.

పల్లె ఆరోగ్యాన్ని ఆసుపత్రి కళ్లతో చూడకూడదన్న ఆలోచన ఆ రోజుల్లో బలపడింది. వేలూరులో చదివిన రజనీకాంత్, మేబెల్ అరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పల్లెటూరి ఆడవాళ్లకే ఆరోగ్య శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. 1977లో డాక్టర్ దలీప్ ముఖర్జీ నాయకత్వంలో కె.వి. కుప్పంలో 'రూసా' అనే గ్రామీణ విభాగం వచ్చింది. దాని పేరులోనే ఆరోగ్యంతోపాటు సామాజిక వ్యవహారాలు ఉన్నాయి. పశుపోషణ, చేతిపనుల శిక్షణ, మహిళా సంఘాలు, కాన్పులు, టీకాలు అన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. ప్రపంచ దేశాలు అల్మా ఆటాలో కూర్చుని ప్రాథమిక ఆరోగ్యం అంటే మందుబిళ్లలొక్కటే కాదని ప్రకటించింది దానికి ఒక ఏడాది తర్వాత, 1978లో.

ఇక పోస్టుకార్డు సంగతి. ఈ కథలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. 1980లలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైరాలజీ విభాగానికి చెందిన డాక్టర్ టి. జాకబ్ జాన్ ఒక లోటు గమనించారు. పోలియో, ధనుర్వాతం, మెదడువాపు, కుక్కకాటు మరణాలు జిల్లాలో ఎక్కడెక్కడ వస్తున్నాయో జిల్లా ఆరోగ్య అధికారికి తెలియదు. జబ్బుపడ్డవాళ్లు పోయేది చాలావరకు ప్రైవేటు డాక్టర్ల దగ్గరికి. సర్కారు లెక్క సర్కారు ఆసుపత్రుల లెక్కే. ఆయన చేసిన ఏర్పాటు చాలా తేలిక. జిల్లాలోని ఆసుపత్రులన్నిటికీ, సర్కారువి, ప్రైవేటువి, మిషన్‌వి, ముందే చిరునామా అచ్చేసిన పోస్టుకార్డులు ఇచ్చారు. ఫలానా జబ్బు కనబడితే రోగి ఊరు, వయసు రాసి డబ్బాలో వేస్తే చాలు. ఒకేచోట నుంచి కార్డులు కట్టగా వస్తే అధికారి అక్కడికి మనుషుల్ని పంపుతాడు.

డాక్టర్లు కార్డులు ఎందుకు రాస్తారు? రోగులు బారులు తీరి ఉన్నప్పుడు ఎవరికి తీరిక? జాకబ్ జాన్ దీనికి జవాబు ముందే ఆలోచించారు. వచ్చిన సమాచారమంతా కూర్చి నెలనెలా ఒక చిన్న పత్రికగా అచ్చేయించి, కార్డు రాసిన ప్రతి డాక్టరుకూ తిరిగి పంపారు. ఉత్తర ఆర్కాటు జిల్లా ఆరోగ్య సమాచారం అనే ఇంగ్లిషు మాటల తొలి అక్షరాలతో దానికి 'నాధి' అని పేరు. గుడియాత్తంలోని డాక్టరు తాను వేసిన కార్డు ఏమైందో, పక్క తాలూకాలో ఏం జరుగుతోందో అందులో చూసుకునేవాడు. తన చేతిరాత బావిలో వేసిన రాయి కాలేదని ఆయనకు తెలిసేది. ఇవాళ ఆరోగ్య శాఖల యాప్‌లలో కొరవడింది చాలావరకు ఇదే. వివరాలు పైకి పోతాయి, కిందికి తిరిగి రావు.

ఈ పద్ధతి గురించిన వ్యాసం 1998లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. పేద దేశాలకు జిల్లా స్థాయిలో నమూనా అని దాన్ని చెప్పుకున్నారు. 1994లో సూరత్ ప్లేగు భయంతో జనం రైళ్లెక్కి పారిపోయినప్పుడు దేశంలో నిఘా వ్యవస్థ ఎంత బలహీనంగా ఉందో బయటపడింది. వేలూరు పద్ధతిని కేరళ కొట్టాయం నుంచి మొదలుపెట్టి తనకు తగ్గట్టు మలచుకుంది. 2004లో దేశమంతటికీ సమగ్ర వ్యాధి నిఘా పథకం వచ్చింది, కంప్యూటర్లతో, శాటిలైట్ లింకులతో.

జిల్లాలకు మాత్రం ఒక చిక్కుంది. అవి మారిపోతుంటాయి. ఉత్తర ఆర్కాటు 1911లో ఒకసారి, 1989లో తిరువణ్ణామలై విడిపోయి ఇంకోసారి చీలింది. 2019లో వేలూరు నుంచి రాణిపేట, తిరుపత్తూరు వేరుపడ్డాయి. హద్దులు మారిన ప్రతిసారీ పాత అంకెకూ కొత్త అంకెకూ పొత్తు కుదరదు. అందుకే చిన్న బ్లాకును పట్టుకుని దశాబ్దాల పాటు వదలకపోవడంలో విలువ ఉంది. వేలూరుకు దక్షిణాన ఆరణి దారిలోని కణియంబాడి బ్లాకు అలాంటిది.

కణియంబాడిలో సుమారు లక్ష మంది జనాభా. మెడికల్ కాలేజీ సామాజిక ఆరోగ్య విభాగం అక్కడ 1980లలోనే రిజిస్టర్లను కంప్యూటరుకెక్కించింది. మన ఊళ్లలో కంప్యూటరంటే సినిమాల్లో చూడటమే అయిన రోజులవి. అయితే ఆ కంప్యూటరుకు మేత వేసేది నాలుగంచెల మనుషులు. ఊళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్త, సాధారణంగా ఆ ఊరి ఆడమనిషే. ఆమె మీద ఆరోగ్య సహాయకురాలు, ఆమె మీద నర్సు, ఆ పైన డాక్టరు. ఊళ్లో ఎవరి ఇంట కాన్పయినా, చావయినా, కొత్తగా పెళ్లయి వచ్చినా, వలసపోయినా కార్యకర్తకు తెలుస్తుంది. ఆమె చెప్పింది పైవాళ్లు మళ్లీ ఇంటికి వెళ్లి చూసి నిర్ధారిస్తారు. ఆ తర్వాతే అది లెక్కలోకి వస్తుంది.

చావు నమోదయ్యే తీరు వేరు. పల్లెలో చనిపోయిన మనిషికి డాక్టరు ధ్రువపత్రం ఉండటం అరుదు. కొన్నాళ్లు పోనిచ్చి, ఇంటివాళ్ల దుఃఖం కాస్త సద్దుమణిగాక ఇంటికి వెళ్తారు. చివరి రోజుల్లో ఏం జరిగిందో అడుగుతారు. జ్వరం ఎన్నాళ్లుంది, ఒళ్లు ఉబ్బిందా, ఆయాసపడ్డాడా, ఇంట్లో ఏదైనా గొడవ జరిగిందా అని. చెప్పిన మాటలను బట్టి డాక్టర్లు మరణ కారణం తేలుస్తారు. దీన్నే వెర్బల్ అటాప్సీ అంటారు. కత్తి ఉండదు. ఉన్నదంతా వినే ఓపిక.

అలా వింటూ వింటూ వాళ్లు ఊహించని చోటికి చేరారు. 1994 నుంచి 1999 దాకా కణియంబాడిలో ఆత్మహత్యల రేటు లక్షకు 95. దేశం మొత్తానికి పోలీసు లెక్కలు చెబుతున్నది అప్పట్లో లక్షకు 10 చిల్లర. 2003లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ఈ సంగతి అచ్చయింది. మరుసటి ఏడు లాన్సెట్‌లో వచ్చిన వ్యాసం ఇంకా కలచివేసింది. 1992 నుంచి 2001 దాకా పదేళ్ల లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో ఆత్మహత్యల రేటు లక్షకు 148, మగపిల్లల్లో 58. ఆ వయసు ఆడపిల్లల మరణాల్లో సగం నుంచి ముప్పాతిక వంతు దాకా ఆత్మహత్యలే.

కణియంబాడి మనుషులు మిగతా దేశం కంటే భిన్నమైనవాళ్లని దీని అర్థం కాదు. లెక్క సరిగ్గా జరిగిన చోటు అదని అర్థం. అప్పటికి ఆత్మహత్యా ప్రయత్నం భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద నేరం. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల చనిపోతే చట్టప్రకారం విచారణ తప్పదు. పోలీసు గడప తొక్కుతాడంటే కడుపునొప్పి అనో, పాము కరిచిందనో చెప్పి చితి పేర్చడమే ఇంటివాళ్లకు తోచిన దారి. ఆ ఇంటికి పోలీసు కాక, బిడ్డ పుట్టినప్పుడు తూకం వేసిన మనిషే వచ్చి మెల్లగా అడిగితే జవాబు మారింది. వచ్చిన కారణాలు చూస్తే, ఇంట్లో తగాదాలు, మొగుడి కొట్లాట, పరీక్ష తప్పడం, ఇష్టపడ్డ పెళ్లి కాకపోవడం, మానసిక వ్యాధి. వీటిలో ఒక్కటి తప్ప మిగతావేవీ వైద్య పుస్తకంలో జబ్బుల పట్టికలో కనబడవు.

ఒక్క బ్లాకు లెక్కను దేశానికి వర్తింపజేయకూడదని సందేహించినవాళ్లు ఉన్నారు. అది న్యాయమైన సందేహమే. దేశవ్యాప్తంగా నమూనా ఇళ్లలో వెర్బల్ అటాప్సీ చేసిన పది లక్షల మరణాల అధ్యయనం దానికి జవాబిచ్చింది. 2010లో దేశంలో సుమారు 1,87,000 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2012లో లాన్సెట్‌లో తేల్చారు. ప్రభుత్వ నేర రికార్డుల్లో ఆ ఏడాది అంకె సుమారు 1,35,000. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి గాని శిక్షించకూడదంది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. వీటన్నిటి వెనక చాలామంది కృషి ఉంది. అందులో కణియంబాడి పల్లెల్లో చావింటికి వెళ్లి కూర్చున్న ఆడవాళ్ల వాటా చిన్నది కాదు.

తెలుగునేల మీదా ఈ దారి నడిచినవాళ్లు ఉన్నారు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 1,354 మరణాలను ఇలాగే పరిశీలించారు. దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది. పల్లెటూళ్లలో అంటురోగాలే చంపుతాయన్న పాత నమ్మకం దాంతో చెదిరింది. హైదరాబాద్ దగ్గర పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు తిండి పెట్టిన జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. ఆ పిల్లలను యుక్తవయసులో మళ్లీ పరీక్షించినప్పుడు వాళ్ల రక్తనాళాలు మరింత సాగే గుణంతో ఉన్నాయని కనుగొన్నారు. కె.వి. కుప్పం తక్కెడ చెప్పిన కథకు ఇది మరో వైపు.

ఇంతా చేసి, రిజిస్టరులో గడి లేనిదాన్ని రిజిస్టరు చూడలేదు. గుడియాత్తం, పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి ప్రాంతమంతా తోళ్ల పరిశ్రమ మీద, బీడీల మీద, అగ్గిపెట్టెల మీద, మగ్గాల మీద బతుకుతుంది. గుడియాత్తం లుంగీలకు పేరుంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడమనిషి ఒళ్లో చాట, చాటలో పొగాకు, పక్కనే పసిబిడ్డ. ఆ పొగాకు దుమ్ము ఏ ఆసుపత్రి చీటీలోనూ కనబడదు. తోళ్ల ఫ్యాక్టరీల నీళ్లు పాలారును ఏం చేశాయో బయటపెట్టింది ఆరోగ్య శాఖ కాదు, ఊరి పౌరులు. వేలూరు పౌర సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. కిలో తోలు శుద్ధి చేయడానికి దాదాపు 35 లీటర్ల నీళ్లు, ఆ పనిలో సుమారు 170 రకాల రసాయనాలు వాడతారన్నది ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన మాట. ఆ ప్రాంతంలో సుమారు 35 వేల హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతవరకో పాడైందని వ్యవసాయ విశ్వవిద్యాలయం సర్వే చెప్పింది. 1996 ఆగస్టు 28న వచ్చిన ఆ తీర్పు దేశ పర్యావరణ చట్టానికే మైలురాయి అయింది. చెరిచినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన చట్టంలో నిలబెట్టిన తీర్పుల్లో అదొకటి.

నీటిని జబ్బుతో కలిపి చూపే పరికరం తర్వాత వచ్చింది. వేలూరు దగ్గరి ఒక పల్లెలో విరేచనాలు ప్రబలినప్పుడు పరిశోధకులు ఇళ్లను, నీటి వనరులను మ్యాపు మీద గుర్తించి, జబ్బు ఎక్కడ గుమికూడిందో జీఐఎస్ పద్ధతిలో చూశారు. ఆ వ్యాసం 2007లో వచ్చింది. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా చావుల వెనక బ్రాడ్ స్ట్రీట్ పంపును పట్టుకుని, తర్వాత మ్యాపు మీద గీసి చూపిన పద్ధతే ఇది, ఉపగ్రహాల సాయంతో. ఆరోగ్యానికి సామాజిక కారణాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2008లో నివేదిక ఇచ్చేనాటికి వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాటకు కావలసిన సాక్ష్యం మూడు దశాబ్దాల రిజిస్టర్లలో పోగుపడి ఉంది.

అదే 2008లో తమిళనాడు ప్రభుత్వం గర్భిణుల నమోదుకు 'పిక్మి' అనే ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చింది. గర్భం నిలిచిందని తెలియగానే ఊరి నర్సు వివరాలు ఎక్కిస్తుంది, ఒక నంబరు వస్తుంది. కొన్నేళ్ల తర్వాత ఆ నంబరు ఉంటేనే బిడ్డకు జనన ధ్రువపత్రమన్న నిబంధన వచ్చింది. కణియంబాడిలో ఇంటింటికీ తిరిగి చేసిన పని రాష్ట్రమంతటా ఆ నిబంధన చేయిస్తోంది. నమోదు పెరుగుతుంది, అందులో సందేహం లేదు. కాని కార్యకర్త గర్భిణి ఇంటికి పోవడానికీ, నంబరు కోసం గర్భిణి నర్సు దగ్గరికి రావడానికీ తేడా ఉంది. మొదటి దానిలో కార్యకర్త ఆ ఇంటి పొయ్యినీ, కుండలో నీళ్లనూ, గుమ్మంలో కూర్చున్న మామగారి మాటతీరునూ చూస్తుంది. రెండోదానిలో నర్సు ఆధార్ నంబరు చూస్తుంది.

మళ్లీ గడప దగ్గరికి తీసుకెళ్లే ప్రయత్నం 2021 ఆగస్టు 5న మొదలైంది. ముఖ్యమంత్రి స్టాలిన్ కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం', అంటే జనాన్ని వెతుక్కుంటూ వైద్యం, పథకం ప్రారంభించారు. కృష్ణగిరి కూడా తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాయే. మహిళా స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన కార్యకర్తలు 45 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకు పోయి బీపీ, షుగరు చూస్తారు. ఆసుపత్రికి పోలేనివాళ్లకు బిళ్లలు ఇంటికే తెచ్చిస్తారు. చూసిన అంకెలు అక్కడికక్కడే నమోదు చేస్తారు.

1969-73 మధ్య వేలూరులో, కె.వి. కుప్పంలో కార్యకర్తలు తూచిన పిల్లలకు ఇప్పుడు యాభై దాటింది. ఇప్పటి కార్యకర్తలు బిళ్లలు తీసుకెళ్లే వయసు సరిగ్గా వాళ్లదే. వాళ్లు పుట్టినప్పటి బరువు, ఆరేళ్లప్పటి పొడవు, పాతికేళ్ల తర్వాతి చక్కెర అంకె మెడికల్ కాలేజీ పరిశోధకులు భద్రపరచిన లెక్కల్లో ఉన్నాయి. నేటి బీపీ, షుగరు ప్రభుత్వ నమోదుల్లో చేరుతున్నాయి. వాళ్ల అనుమతి తీసుకుని, గోప్యత కాపాడుతూ, ఈ రెండింటినీ కలపగలిగితే తల్లి గర్భం నుంచి వార్ధక్యం దాకా ఒక తరం పల్లెటూరి మనుషుల ఆరోగ్యం ఒకే వరుసలో కనబడుతుంది. దానికి కావలసిన యంత్రాలు ఇప్పుడు ప్రతి కార్యకర్త చేతిలోనూ ఉన్నాయి. అడగవలసిన ప్రశ్నలు ఇంకో నాలుగు చేర్చాలి. ఇంట్లో నీళ్లు ఎక్కడివి, బీడీలు ఎవరు చుడతారు, రాత్రి అన్నం ఎవరు చివర తింటారు, మనసు బాగోలేకపోతే ఎవరితో చెప్పుకుంటారు.